బండి వేడెక్కుతోందా? డెంకాడ రోడ్డులో ఈ షెడ్డుకి ఒకసారి చూపించండి

హైవే మీద కారు వేడెక్కిపోతోంది అని చెబితే మన దగ్గర చాలా చోట్ల వచ్చే మొదటి మాట "హెడ్ గాస్కెట్ పోయిందండి" (ఇంజిన్ పైభాగానికి, అంటే హెడ్‌కి, కింది భాగానికి మధ్య ఉండే సీలు). బానెట్ పూర్తిగా ఎత్తకముందే వచ్చేస్తుంది ఆ మాట. ఈ షెడ్డులో ముందు ప్రశ్నలు వచ్చాయి, తర్వాత పరీక్షలు వచ్చాయి, రేటు అన్నిటికన్నా చివర్న వచ్చింది. నేను ఐదుకి ఐదు ఇవ్వడానికి కారణం అదే. పని బాగా చేసేవాళ్లు మన రెండు జిల్లాల్లో ఇంకా ఉండొచ్చు కానీ, రోగం ఏమిటో తేలకుండా స్పానర్ పట్టుకోని మనిషి నాకు ఇక్కడే దొరికారు.

షెడ్డుకి బోర్డు లేదు. నాతవలస జంక్షన్ దగ్గర హైవే దిగి డెంకాడ మీదుగా విజయనగరం వస్తుంటే, ఊళ్లోకి వచ్చేముందు ఎడమచేతి వైపు రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, దాని కింద ఎప్పుడు చూసినా రెండు మూడు బండ్లు ఉంటాయి. పేరు ఏమని రాయాలి బాబాయ్ అని అడిగితే "పేరేటమ్మా, పని నచ్చితే దారి సెప్పండి సాలు" అన్నారు, అందుకే దారి చెబుతున్నాను. మేస్త్రీ గారికి అరవై దాటి ఉంటాయి. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నారట. సాలూరు అంటే లారీల ఊరు కదా, అక్కడి నుంచి లోడుతో ఘాట్ ఎక్కి సుంకి, కొరాపుట్ వైపు వెళ్లే బండ్లు మధ్యలో పొగలు కక్కుతూ ఆగిపోవడం చూస్తూ పెరిగిన మనిషికి రేడియేటర్ (ఇంజిన్ నీళ్లని గాలికి చల్లార్చే జాలీ) సంగతి ఒకళ్లు చెప్పక్కర్లేదు. అయినా సరే అనుభవం మీద వదిలేయరు, ప్రతిదీ కొలిచి చూస్తారు. అది నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు నా బండి సంగతి. ఎనిమిదేళ్ల పాత పెట్రోల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా నాన్నగారిని చెకప్‌కి శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకెళ్తూ ఉంటాను, కాబట్టి దారి మధ్యలో బండి ఆగిపోతే నాకు చిరాకు కాదు, భయం. శ్రీకాకుళం ఊళ్లో తిరిగినంతసేపూ, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఎంతసేపు ఇరుక్కున్నా, టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదిలేది కాదు. హైవే ఎక్కి, నలుగురు మనుషులతో, ఏసీ వేసుకుని 90లో వెళ్తుంటే మాత్రం రణస్థలం దాటేసరికి పైకి పాకడం మొదలయ్యేది, పైడిభీమవరం దగ్గరకొచ్చేసరికి ఎరుపు గీత పక్కన ఉండేది. స్పీడు 60కి తగ్గించి ఏసీ ఆపేస్తే కాసేపటికి దిగేది. మళ్లీ స్పీడు పెంచితే మళ్లీ అదే కథ.

ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే పావుగంటలో హెడ్ గాస్కెట్ అని తేల్చి 38,000 ఎస్టిమేట్ రాసిచ్చారు. ఏ టెస్ట్ చేశారండీ అని అడిగితే జవాబు నాకు చెప్పకుండా నా పక్కనున్న మా తమ్ముడికి చెప్పారు, వాడికి డ్రైవింగే రాదు. ఇంకో చోట, హైవే పక్కన, థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలేది) తీసేసి "మన వేడి ఊళ్లకి ఇది అక్కర్లేదమ్మా" అని పంపించారు. అది తీశాక పొద్దున్న ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టేది, మైలేజీ పడిపోయింది, హైవే మీద వేడెక్కడం మాత్రం అలాగే ఉంది. ఇవన్నీ విని మా వదిన వాళ్ల ఆఫీసులో ఒకాయన ఈ షెడ్డు దారి చెప్పారు.

మేస్త్రీ గారు నాతోనే మాట్లాడారు. బండి నడిపేది ఎవరు అని అడిగారు, నేనే అన్నాను, ఇక ప్రశ్నలన్నీ నాకే. "ఎప్పుడు ఎక్కుతోందమ్మా, ఊళ్లోనా, హైవే మీదా? ఏసీ ఏస్తేనేనా? నీళ్లు తగ్గుతున్నాయా? ఎక్కినప్పుడు హీటర్ ఏసి సూశారా, వేడిగాలి వొస్తోందా?" నేను చెప్పింది విని ఒకటే మాట అన్నారు, ఫ్యాను మీద తనకి అంత అనుమానం లేదని. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పారు, మీకూ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. బండి ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు రేడియేటర్‌కి గాలి ఇచ్చేది ఫ్యానే, కాబట్టి ఫ్యాను పాడైతే ఊళ్లో ముందు వేడెక్కాలి, హైవే మీద ఎదురుగాలికి చల్లబడాలి. నా బండిది దానికి సరిగ్గా రివర్స్. స్పీడులో, లోడులో ఇంజిన్ పుట్టించే వేడి చాలా ఎక్కువ, ఆ వేడిని బయటకి తోసేంత సత్తువ కూలింగ్ సిస్టమ్‌కి లేకపోతేనే ఇలా అవుతుంది. అంటే రేడియేటర్ లోపల గానీ బయట గానీ పూడిపోయి ఉండాలి, లేదా వాటర్ పంపు నీళ్లు సరిగా తోయడం లేదు, లేదా థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోంది (నా బండిలో అది ఎలాగూ లేదు), లేదా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తక్కువుంది, లేదా ఆ గాస్కెట్టే లీకవుతోంది. గాస్కెట్ కాదని ఆయన అనలేదు. "అదీ అవ్వొచ్చమ్మా, టెస్టు సేసి సూద్దాం" అన్నారు. ముందే తేల్చెయ్యకుండా అలా అనడం చూశాక నాకు సగం టెన్షన్ తగ్గిపోయింది.

తర్వాత రెండు గంటలు ఏమీ చేయలేదు, ఇంజిన్ చల్లారాలని ఊరుకున్నారు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఆ షెడ్డులో ఎవరూ తీయరు, పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పే మొదటి పాఠం అదే అట. మూత బిగించి ఉన్నంతసేపూ లోపల ప్రెషర్ ఉంటుంది, ఆ ప్రెషర్‌లో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. ఒక బార్ అదనపు ప్రెషర్ ఉంటే 120 దాకా మరగకుండా ఉంటాయి, సగం కూలెంట్ కలిపితే ఇంకొంచెం పైకి. మూత తీసిన క్షణంలో ఆ ప్రెషర్ పోతుంది, అప్పటిదాకా మరగకుండా ఆగిన నీళ్లన్నీ ఒకేసారి ఆవిరై మొహం మీదకి వస్తాయి. ఆయన ఎడమ ముంజేతి మీద పాత కాలిన మచ్చ ఉంది, సాలూరు రోజులనాటిదట.

చల్లారాక మూత తీస్తే లోపల ఇటుక రంగు నీళ్లు. రిజర్వ్ డబ్బాలో మాత్రం శుభ్రమైన ఆకుపచ్చ కూలెంట్ నిండుగా ఉంది! డబ్బా నిండుగా ఉందంటే రేడియేటర్ బాగున్నట్టు కాదని, పొద్దున్న ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూస్తేనే నిజం తెలుస్తుందని అన్నారు. మూత రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చింది. ఒక చేతి పంపుకి బిగించి గాలి కొడితే, 1.1 బార్ అని రాసున్న మూత అందులో సగం కూడా ఆపలేదు. మూత ధర 250 రూపాయలు. ఆ 250 రూపాయల మూత సరిగా లేకపోతే నీళ్లు ముందే మరిగి, డబ్బాలోకి పొంగి, బయటికి పోతాయి, ఇంజిన్ లోపల ఆవిరి బుడగలు మిగులుతాయి. చాలా బండ్లు మూత మారిస్తేనే బాగైపోతాయని, నా బండికి మాత్రం ఇది ఒక్కటే సరిపోదేమోనని కూడా అప్పుడే చెప్పారు.

తర్వాత అదే పంపు రేడియేటర్‌కి బిగించి సిస్టమ్ మొత్తానికి ప్రెషర్ కొట్టి వదిలేశారు. ఇరవై నిమిషాలయినా పంపు మీటరు ముల్లు దిగలేదు, అంటే బయటకి లీకు లేదు. ఈలోగా కుర్రాడు టార్చి పెట్టి వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర మరక ఉందా అని చూశాడు, లోపల ముందు సీటు దగ్గర కాళ్ల కింది మ్యాటు తడిగా ఉందా అని చెయ్యి పెట్టి చూశాడు, హీటర్‌లో తిరిగేవీ ఈ నీళ్లే కాబట్టి అది లీకైతే అక్కడ తడి, తియ్యటి వాసన ఉంటాయట. ఏమీ లేవు.

గాస్కెట్ టెస్ట్ నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. ఒక గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి, రేడియేటర్ మూత స్థానంలో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పైన ఉన్న రబ్బరు బుడ్డి నొక్కుతూ రేడియేటర్ లోపలి గాలిని ఆ ద్రవంలోంచి పీలుస్తారు. గాస్కెట్ లీకైతే సిలిండర్‌లో మండిన పొగ కూలింగ్ నీళ్లలోకి వచ్చేస్తుంది, అందులో ఉండే కార్బన్ డయాక్సైడ్ తగిలి నీలం కాస్తా పసుపుగా మారుతుంది. పది నిమిషాలు నొక్కుతూ కూర్చున్నాం, నీలం నీలంగానే ఉంది. ఆయిల్ మూత కింద పాలమీగడలా తెల్లటి జిగురు ఏమీ లేదు, సైలెన్సర్‌లో తెల్లపొగ లేదు. 38,000 రూపాయల పని అవసరం లేదని ఆ నీలం ద్రవమే చెప్పింది. ఇంత చిన్న టెస్ట్ చేయకుండా హెడ్ దించేద్దామని ఎలా అంటారో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు, ఒకసారి దించాక మళ్లీ బిగించడంలో తేడా వస్తే ఆ ఇంజిన్ సంగతి ఏమిటి?

ఆ తర్వాత స్కానర్ (బండి కంప్యూటర్లో ఉండే అంకెలు చదివే పరికరం) పెట్టారు. డాష్‌బోర్డు ముల్లుని ఆయన నమ్మరు. చాలా బండ్లలో ఆ ముల్లు కొంత వేడి నుంచి ఇంకొంత వేడి దాకా మధ్యలోనే నిలబడేలా కంపెనీ వాళ్లే పెడతారు, మనం కంగారు పడకుండా. అది మధ్య దాటి కదిలింది అంటే అప్పటికే బాగా వేడెక్కిపోయినట్టు. స్కానర్‌లో అసలు అంకె కనిపిస్తుంది. ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే 98 దగ్గర ఫ్యాను తిరిగింది, 93కి రాగానే ఆగింది, కాబట్టి ఫ్యాను బాగుంది, సెన్సారు బాగుంది. అప్పుడు వేడి కొలిచే గన్ తీసుకుని రేడియేటర్ మీద గళ్లు గీసినట్టు ఒక్కోచోటా కొలుస్తూ వెళ్లారు. బాగున్న రేడియేటర్‌లో నీళ్లు లోపలికి వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి వేడి క్రమంగా తగ్గాలి. నా దాంట్లో పైన 90 చూపించింది, జానెడు కిందకి రాగానే హఠాత్తుగా 50, ఆ పక్కన మళ్లీ 80, కింద మూల 45. చల్లగా ఉన్న చోటల్లా లోపల గొట్టాలు పూడిపోయాయి, నీళ్లు అక్కడికి పోవడమే లేదు. నన్ను కూడా గన్ పట్టుకుని కొలిచి చూడమన్నారు. నా కళ్లతో నేను చూసుకున్నాను కాబట్టి ఇక అనుమానం లేదు.

కారణం కూడా చెప్పారు. పాత ఓనరు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి తిప్పి ఉంటారట. బోరు నీళ్లలో ఉండే ఉప్పులు వేడికి సున్నంలా గడ్డకట్టి ఆ సన్నటి గొట్టాలను మూసేస్తాయి, తుప్పు ఆపే మందు లేదు కాబట్టి లోపల ఇనుము తుప్పుపట్టి ఇటుక రంగు వస్తుంది. ఇక్కడ తీరం వెంట బోర్లలో ఉప్పు ఎక్కువ ఉండే ఊళ్లు ఎన్నో ఉన్నాయి, టీ కొట్టు దగ్గర ఆగి బకెట్ నీళ్లు అడిగి పోసేవాళ్లూ ఎంతోమంది ఉన్నారు. ప్రాణం మీదకి వస్తే ఆ నీళ్లు పోసుకోండి తప్పులేదు, కానీ ఇంటికి రాగానే తీయించి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించండి, ఇది ఆయన మాట.

బయట వైపు ఇంకోటి దొరికింది. ఏసీ కండెన్సర్‌కి (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ), రేడియేటర్‌కి మధ్య ఉండే సందులో పురుగులు, దుమ్ము, వరి పొట్టు కలిసి చాపలా పేరుకుపోయాయి. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోయడం, నూర్చడం మనకి తెలిసిందే, రాత్రిపూట హైవే మీద పురుగుల సంగతీ తెలిసిందే. ముందు నుంచి చూస్తే గ్రిల్ శుభ్రంగా కనిపిస్తుంది, రెండూ విడదీస్తేనే ఈ చెత్త తెలుస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో పెద్ద ప్రెషర్‌తో ముందు నుంచి కొడితే వాటి మీద ఉండే సన్నటి రేకు రెక్కలు వంగిపోయి గాలి ఇంకా ఆగిపోతుంది కాబట్టి ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపుతో కడగాలట.

అప్పుడు చెప్పారు రేటు. రేడియేటర్ ఫ్లష్ చేయొచ్చు (లోపల కడగొచ్చు) గానీ ఇంత పూడిపోయాక నమ్మకం ఉండదని, ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్లు పాత రాగి వాటిలా విప్పి శుభ్రం చేసేవి కావని, కొత్తది వేద్దామని అన్నారు. ఆలోచించుకుని చెప్పమన్నారు కూడా, తొందర పెట్టలేదు. రేడియేటర్ 5,200, థర్మోస్టాట్ 850, మూత 250, కూలెంట్ 1,100, కూలి 1,800, టెస్టులకి 500. మొత్తం 9,700. ఆ 500 విడిగా ఎందుకు తీసుకుంటారని కొందరు గొడవ పడతారట. నాకైతే ఆ బిల్లులో అన్నిటికన్నా న్యాయమైన లైను అదే అనిపించింది, ఎందుకంటే టెస్టుకి డబ్బు తీసుకునే మనిషికి అక్కర్లేని పార్టు అమ్మాల్సిన అవసరం ఉండదు.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. మన వేడికి అది అక్కర్లేదు అనే మాట చాలామంది మెకానిక్‌లు చెబుతారు, దయచేసి ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ తన వేడికి రాదు, బండిలోని కంప్యూటరు ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది, దాన్ని తీసేస్తే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతాయి, అంటే వేడి ఇంకా పెరుగుతుంది. మేస్త్రీ గారు కొత్త వాల్వుని డబ్బాలోంచి తీసి నేరుగా బిగించలేదు. గిన్నెలో నీళ్లు పెట్టి, థర్మామీటర్ పెట్టి, స్టవ్ మీద కాచి, దాని మీద రాసి ఉన్న 82 దగ్గర నిజంగా తెరుచుకుంటోందో లేదో చూశారు. తెరుచుకుంది. ఇంతకుముందు ఒకసారి కొత్త పీసే తెరుచుకోక వెనక్కి ఇచ్చేశారట.

బిగించడం కన్నా గాలి తీయడానికి ఎక్కువసేపు పట్టింది. బండి ముందు చక్రాలు రాయి మీదకి ఎక్కించి, హీటర్ ఫుల్లుగా పెట్టి, మూత తీసి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బుడగలు పూర్తిగా ఆగేదాకా కొద్దికొద్దిగా కూలెంట్ పోస్తూ నిలబడ్డారు. గాలి మిగిలిపోతే కొత్త రేడియేటర్ వేసినా వేడెక్కుతుంది, జనం పార్టు మంచిది కాదనుకుంటారు. తర్వాత నన్నే నడపమని పక్కన స్కానర్ పట్టుకుని కూర్చున్నారు. నాతవలస దాకా వెళ్లి, హైవే ఎక్కి, మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి 90, 100లో భోగాపురం వైపు వెళ్లాం, ఎయిర్‌పోర్టు పనుల టిప్పర్ల దుమ్ములో. అంకె 91, 92, 94, మళ్లీ 91. అంతకు మించి పోలేదు. ఆ తర్వాత నాన్నగారిని తీసుకుని విశాఖ వెళ్లొస్తూనే ఉన్నాను, ఎండాకాలంలో కూడా ముల్లు కదల్లేదు, నీళ్లు తగ్గలేదు.

దారిలో వేడెక్కితే ఏం చేయాలో తిరిగి వచ్చేటప్పుడు చెప్పారు. ముల్లు పాకడం మొదలవగానే ఏసీ ఆపి, హీటర్ వేడి ఫుల్లు, బ్లోయర్ ఫుల్లు పెట్టాలి, మనకి చెమటలు పట్టినా ఇంజిన్‌లోంచి కొంత వేడి అలా బయటికి పోతుంది. ఎరుపు దాకా వస్తే ఇంకో కిలోమీటరు అనుకోకుండా పక్కకి ఆపి ఇంజిన్ ఆపేయాలి. చల్లటి నీళ్లు ఇంజిన్ మీద గుమ్మరించకూడదు, లోహం పగులుతుంది. ఇంకోటి నాకు బొత్తిగా తెలియనిది, వేడిగా ఉన్న ముల్లు హఠాత్తుగా చల్లదనం వైపు పడిపోయిందంటే సంతోషించకూడదట. నీళ్లన్నీ పోయి సెన్సారు ఒట్టి గాలిలో ఉండిపోయిందేమోనని అనుమానించి వెంటనే ఆపాలి.

ఇబ్బందులు కూడా రాయాలి. కూర్చోవడానికి వేపచెట్టు కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప ఏమీ లేవు, బాత్రూమ్ లేదు, ఆడవాళ్లకి ఇది పెద్ద ఇబ్బందే, ముందే చూసుకుని వెళ్లండి. పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు. రేడియేటర్ విజయనగరంలో దొరక్క విశాఖ నుంచి తెప్పించారు, అందుకే బండి రాత్రి అక్కడే ఉండిపోయింది. జీఎస్టీ బిల్లు ఇవ్వరు, కాగితం మీద రాసిస్తారు, పాత పార్టులు మాత్రం సంచిలో వేసి చేతికిస్తారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పనులు, హైబ్రిడ్ బండ్లు తీసుకోరు, తీసుకోమని ముందే చెప్పేస్తారు. సిరిమానోత్సవం రోజుల్లో షెడ్డు మూసేస్తారు.

వెళ్లేవాళ్లు కుదిరితే పొద్దున్నే, ఎనిమిదింటికల్లా వెళ్లండి. దగ్గర ఊళ్ల వాళ్లకైతే ముందురోజు సాయంత్రం బండి అక్కడ వదిలేయడం ఇంకా మంచిది, లేకపోతే ఇంజిన్ చల్లారేదాకా నాలాగే రెండు గంటలు కూర్చోవాలి. ఎప్పుడు వేడెక్కుతోంది, ఎంత స్పీడులో, ఏసీతోనా లేకుండానా, నీళ్లు ఎన్నాళ్లకి ఎంత తగ్గుతున్నాయి, ఇవన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్లండి, ఆయన అడిగే మొదటి ప్రశ్నలు అవే.